మనకు క్రిస్మస్ పంపిన దేశం

డిసెంబరు వచ్చిందంటే గురజాల నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. అమ్మ, పిన్ని, సంఘపెద్దగారి అమ్మాయి, అందరూ ఒకటే మాట అంటారు: "నీకేమే, క్రైస్తవ దేశంలో ఉన్నావు. అక్కడ పండగ ఎంత ఘనంగా చేస్తారో!" ఫోనులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి "బాగానే చేస్తారు" అని ఊరుకుంటూ వచ్చాను. నేను ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రిలో నర్సుని. చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. కానీ మన పల్నాడుకు సువార్త, బడి, ఆసుపత్రి పంపిన ఊళ్ళ మధ్యే ఇప్పుడు బతుకుతున్నాను. ఇక్కడి క్రిస్మస్ వెనక ఉన్న కథ మనవాళ్ళకు ఎవరూ చెప్పలేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట ఈ "క్రైస్తవ దేశం" మాట చూద్దాం. ఇక్కడ తొలినాళ్ళలో స్థిరపడిన ఇంగ్లీషు క్రైస్తవుల్లో చాలామందికి క్రిస్మస్ అంటే గిట్టేది కాదు. మసాచుసెట్స్‌లో 1659లో ఏకంగా చట్టమే చేశారు. డిసెంబరు 25న పండగ పేరుతో పని మానేసినా, విందు చేసుకున్నా అయిదు షిల్లింగుల జరిమానా. 1681లో గానీ దాన్ని ఎత్తివేయలేదు. ఈ చట్టం చేసినవాళ్ళు దేవుణ్ణి నమ్మనివాళ్ళేమీ కాదు, బైబిలును అక్షరం అక్షరం పట్టుకు బతికిన ప్యూరిటన్లు. యేసు పుట్టిన తేదీ లేఖనాల్లో లేదనీ, ఆ రోజును ఆచరించమన్న ఆజ్ఞ ఎక్కడా లేదనీ వాళ్ళ వాదన. ఇంగ్లాండులో ఆ పేరు చెప్పుకొని జనం తాగి వీధుల్లో పడటం వాళ్ళు కళ్ళారా చూసి వచ్చారు కూడా. మాచర్లలో మా మేనమామ వెళ్ళే సహవాసంలో ఇప్పటికీ క్రిస్మస్ చేయరు. మామయ్య చెప్పే కారణాలూ అచ్చం ఇవే. చిన్నప్పుడు ఆయన్ని చూసి "పండగ చేయని క్రైస్తవులేంటి" అనుకునేదాన్ని. మూడున్నర శతాబ్దాల కిందటి వాదన ఒకటి సముద్రాలు దాటి మాచర్లలో మా మామయ్య నోట పలుకుతోందని ఇక్కడికొచ్చి చదివాక తెలిసింది.

క్రిస్మస్‌కు ఈ దేశపు కేంద్ర ప్రభుత్వం సెలవు ఇచ్చింది 1870లో. గ్రాంట్ అధ్యక్షుడుగా ఉండగా, అదీ మొదట రాజధాని వాషింగ్టన్‌లోని ప్రభుత్వోద్యోగులకే. అంటే ఇక్కడి నుంచి మిషనరీగా వచ్చిన హయ్యర్ దొర మన గుంటూరులో అడుగుపెట్టిన తర్వాత 28 ఏళ్ళకు!

మరి మనకు వచ్చిన పండగ ఎవరిది? దానికి పెన్సిల్వేనియా వైపు చూడాలి. క్వేకరు మతస్థుడు విలియం పెన్ 1681లో ఇంగ్లాండు రాజు దగ్గర పట్టా పుచ్చుకొని, ఎవరి విశ్వాసం వారిదే అన్న మాట మీద ఈ సీమను నిలబెట్టాడు. ఆ మాట విని జర్మనీ నుంచి లూథరన్లు, మొరావియన్లు, మెన్నొనైట్లు ఓడలెక్కి వచ్చారు. ప్యూరిటన్లకు లేని పండగ సంబరమంతా వీళ్ళలో లూథరన్ల దగ్గర, మొరావియన్ల దగ్గర ఉంది. ఇంట్లో చెట్టు నిలబెట్టి అలంకరించడం ఈ దేశానికి తెచ్చింది వీళ్ళే. 1821 డిసెంబరులో లాంకాస్టర్ పట్టణంలో ఒకాయన తన దినచర్య పుస్తకంలో క్రిస్మస్ చెట్టు గురించి రాసుకున్నాడు. మొరావియన్లు 1741 క్రిస్మస్ ముందు రాత్రి తమ కొత్త ఊరికి బేత్లెహేము అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊరు ఫిలడెల్ఫియా నుంచి కారులో గంటన్నర లోపే. డిసెంబరులో అక్కడ ఇంటింటి వసారాలో తెల్లటి నక్షత్రం వేలాడుతూ ఉంటుంది. 26 మొనల నక్షత్రం. 1830ల్లో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో మొరావియన్ల బడిలో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి కాగితంతో చేయించిన వస్తువు అది.

దాన్ని చూడగానే నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు. నవంబరు ఆఖరులోనే వెదురు బొంగు తెచ్చి బద్దలు చీల్చేవాడు. అయిదు మొనలకు రెండు చట్రాలు కట్టి, మధ్యలో జానెడు పుల్లలు అడ్డం పెట్టి ఉబ్బెత్తుగా నిలబెట్టేవాడు. దాని మీద అతికించడానికి ఎర్ర గాజుకాగితం. మైదాపిండి ఉడకబెట్టి జిగురు కాచేది నేను. ఆ జిగురులో కాస్త మైలుతుత్తం కలపకపోతే చీమలు పట్టి, పండగనాటికి కాగితం చిల్లులు పడేది. లోపల ఒక బల్బు పెట్టి, పల్లెలో అందరికంటే ఎత్తున ఉండాలని వేపచెట్టు చిటారుకొమ్మకు కట్టేవాడు. చర్చి మీద నక్షత్రం కంటే అది ఎత్తుగా ఉందని ఒకసారి అయ్యగారు కోప్పడితే రెండు కొమ్మలు కిందికి దించాడు కూడా. ఇప్పుడు నర్సరావుపేట అంగళ్ళలో మడతపెట్టే నక్షత్రాలు దొరుకుతున్నాయి, ఎవరూ బద్దలు చీల్చడం లేదట. ఆ పని వచ్చినవాళ్ళు ఇంకా ఉండగానే పిల్లలకు నేర్పించమని మన సండేస్కూలు టీచర్లను బతిమాలుకుంటున్నాను.

హయ్యర్ దగ్గరికి వస్తాను. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. 1807లో, పద్నాలుగో ఏట, ఫిలడెల్ఫియా చేరాడు. అంటే ఆయన కూడా నాలాగే వలస వచ్చినవాడు. పాదిరీ అయ్యి పెన్సిల్వేనియా కొండ ఊళ్ళలో గుర్రం మీద తిరిగాడు. 50వ ఏట అడుగుపెడుతూ 1842 జూలై 31న గుంటూరు వచ్చాడు. అక్కడి కలెక్టరు స్టోక్స్ ఆయనకు చేయూత ఇచ్చాడు. నడుమ ఒకసారి తిరిగి అమెరికా వెళ్ళి, బాల్టిమోర్‌లో వైద్యం చదివి డాక్టరయ్యి మళ్ళీ వచ్చాడు. 1849లో గురజాల చేరి పల్నాడులో పని మొదలుపెట్టాడు. 1857 దాకా ఉన్నాడు. మిన్నెసోటా వెళ్ళాడు. రాజమండ్రి మిషను చేజారిపోయేలా ఉందని విని డెబ్బయి ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కాడు. 1873లో ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశాడు. మా గురజాలలో ఆయన పేరు తెలియని లూథరన్ లేడు. ఇక్కడ ఫిలడెల్ఫియాలో నేను అడిగినవాళ్ళలో తెలిసినవాళ్ళు దొరకలేదు.

మా నాయనమ్మ కాన్పులు జరిగింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. దాన్ని 1898లో తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఈ ఫిలడెల్ఫియా శివారు ఆర్డ్‌మోర్ ఆడపిల్లే. ఇక్కడి మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకొని 1883లో గుంటూరు వచ్చింది, 1930లో అక్కడే పోయింది. డ్యూటీకి వెళ్ళే రైలు ఆర్డ్‌మోర్ స్టేషనులో ఆగినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నర్సరావుపేట, వినుకొండ వైపు బాప్టిస్టుల కథ వేరు. వాళ్ళ మిషను వేళ్ళు ప్యూరిటన్ల గడ్డ మీదే, బోస్టన్‌లో ఉన్నాయి. 1840లో నెల్లూరు చేరిన ఆ మిషనుకు పదమూడేళ్ళు దాటినా పట్టుమని పదిమంది విశ్వాసులు కనిపించక, 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో మూసేద్దామా అన్నారు. ఆసియా పటం మీద ఒంటరి చుక్కలాగా ఉన్న నెల్లూరును వదలొద్దని ఆ రాత్రి శామ్యూల్ స్మిత్ ఒక పద్యం రాసి వినిపిస్తే మిషను నిలిచింది. ఈ దేశంలో బడిపిల్లలు పాడుకునే దేశభక్తి గీతం ఒకటి రాసిందీ ఆయనే. తర్వాత కొద్ది నెలలకు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఆ మిషనుకు చెందిన జ్యూవెట్ దొర కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన కొండ సంగతి మనకు తెలుసు. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పని, 1878 జూలై 3న క్లౌ దొర ఆధ్వర్యంలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం, ఇవన్నీ నర్సరావుపేట బాప్టిస్టు పిల్లలు సండేస్కూల్లో వల్లెవేసేవే. ఒంగోలు మిషను పొలం అప్పట్లో వినుకొండ, నర్సరావుపేట దాకా ఉండేది.

మిషను చరిత్ర మనకు ఇక్కడిదాకా చెప్పారు. ఆ దొరలు వచ్చిన దేశంలో అదే సమయంలో ఏం జరుగుతోందో మాత్రం చెప్పలేదు.

దానికి ముందు నా డిసెంబరు ఎలా గడుస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో అర్థం కాదు. ఇక్కడ పండగ నవంబరు నాలుగో గురువారం కృతజ్ఞతా దినంతో మొదలవుతుంది. అంతర్యుద్ధం మధ్యలో, 1863లో, లింకన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. మన కోత పండగలాంటిదే. కాకపోతే మన చర్చిలో గుమ్మడికాయలు, పెట్టకోళ్ళు వేలం పాడి సంఘానికి డబ్బు కూడబెట్టే సందడి ఇక్కడ లేదు, ఎవరింట్లో వాళ్ళు తింటారు. ఆ మర్నాటి నుంచి అంగళ్ళు, దీపాలు, "హ్యాపీ హాలిడేస్". ఆసుపత్రికి మాత్రం పండగ ఉండదు. డ్యూటీ చార్టు దగ్గర బేరాలు మొదలవుతాయి. మా వార్డులో ఒక యూదు నర్సు ఏటా డిసెంబరు 24 రాత్రి డ్యూటీ తానే అడిగి తీసుకుంటుంది, క్రైస్తవులు ఇళ్ళలో ఉండాలని. ఆమె పండగలకు మేం తిరిగి చేస్తాం. ఎవరూ నేర్పకుండానే నడుస్తున్న ఈ మర్యాద నాకు ఈ దేశంలో చాలా ఇష్టమైన విషయం. మన తెలుగు సంఘం శనివారాలు ఒక బడి హాలు అద్దెకు తీసుకొని కూడుకుంటుంది. డిసెంబరు రెండో వారంలో సెమీ క్రిస్మస్. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, డోలక్, బిర్యానీ, పిల్లల నాటకం. గొర్రెల కాపరులకు లుంగీలు దొరక్క దుప్పట్లు చుడతాం. ఇంటి బెంగ సగం తీరుతుంది.

ఆ హాల్లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఒక పెద్దావిడ చాలా ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకొని అడిగింది: "గురజాల దగ్గరా? మీ చర్చి ఊళ్ళో ఏ వైపు ఉందమ్మా?" పల్నాడులో పుట్టినవాళ్ళకు ఆ ప్రశ్న ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు. చర్చి ఊళ్ళో ఉందా, పల్లెలో ఉందా, ఏ పల్లెలో ఉందా అన్నది తేలితే మనిషి ఎవరో తేలిపోతుంది. నేను చెప్పాను. ఆవిడ నవ్వు తగ్గలేదు, కానీ చెయ్యి వదిలింది. అదే హాల్లో, అదే నెలలో, కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు పెద్దలు జాగ్రత్తలు చెబుతుంటే విన్నాను: ఫలానా వీధుల్లో ఇల్లు తీసుకోవద్దు, అది నల్లవాళ్ళ పేట. ఊరికి ఆ చివర ఉండే పల్లె గురించి మన ఊళ్ళో మాట్లాడే గొంతు, మాట్లాడే తీరు, ఉన్నవి ఉన్నట్టు సముద్రం దాటి వచ్చాయి. పల్లెలో పుట్టి వచ్చిన పిల్లలు కూడా తలూపుతున్నారు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ "నల్లవాళ్ళ పేట"లో ఉండే తోటి నర్సే నన్ను ఒకనాడు డ్యూటీ అయ్యాక ఆరో వీధిలోని మదర్ బెతెల్ చర్చికి తీసుకెళ్ళింది. రిచర్డ్ అలెన్ అనే ఆయన కట్టిన సంఘం అది. అలెన్ 1760లో బానిసగా పుట్టాడు. కష్టపడి సొమ్ము కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నాడు. ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో వాక్యం చెప్పేవాడు. నల్లవాళ్ళ సంఖ్య పెరిగేసరికి వాళ్ళను మేడమీద వరసల్లోకి తోశారు. ఒక ఆదివారం అబ్సలోం జోన్స్ అనే పెద్దమనిషి మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగానే, ఇక్కడ కూర్చోకూడదు లెమ్మని చెయ్యి పట్టి లాగారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా ఆగలేదు. ప్రార్థన ముగియగానే నల్లవాళ్ళందరూ ఒక్కుమ్మడిగా లేచి బయటికి నడిచారు. 1794లో అలెన్ బెతెల్ సంఘం మొదలుపెట్టాడు. 1816లో అది ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి అనే పెద్ద సమాజమైంది. అలెన్ సమాధి ఆ చర్చి నేలమాళిగలో ఉంది. దాని ముందు నిలబడి నేను ఇంటి సంగతులు తలుచుకున్నాను. ప్రభువు బల్ల దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగాదాలు, ఒకే ఊళ్ళో ఒకే మిషనుకు రెండు పల్లెల్లో రెండు చర్చిలు.

మన గుర్రం జాషువ వినుకొండ మనిషి, 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. ఊళ్ళో అంటరానితనమూ చూశాడు, చర్చిలో ఆయనకు ఎదురైన చిన్నచూపూ చూశాడు. 1941లో గబ్బిలం రాశాడు. క్రీస్తు చరిత్ర కూడా రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. ఆ రెండు పుస్తకాలూ ఒకే చేత్తో ఎందుకు వచ్చాయో అలెన్ కథ చదివాక నాకు ఇంకా బాగా అర్థమైంది.

ఈ దేశంలో క్రైస్తవులందరూ బానిసత్వానికి ఎదురు నిలిచారని అనుకోకండి. ఫిలడెల్ఫియా పక్కనే జర్మన్‌టౌన్‌లో 1688లోనే కొందరు క్వేకర్లు మనుషుల్ని కొని అమ్మడం తప్పని రాతపూర్వకంగా చెప్పారు. పెన్సిల్వేనియా 1780లో మెల్లమెల్లగా బానిసత్వం తొలగించే చట్టం చేసింది. కానీ దక్షిణాది పాదిరీలు బైబిలు తెరిచి బానిసత్వం దేవుడి ఏర్పాటని బోధించారు. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగువు మీద బాప్టిస్టులు 1845లో రెండుగా చీలిపోయారు. మన నెల్లూరు, ఒంగోలు, నర్సరావుపేటలకు వచ్చింది ఉత్తరాది బాప్టిస్టుల మిషను. అంతర్యుద్ధం మొదలయ్యాక 1863లో లూథరన్లూ చీలారు. మనకు మిషనరీలను తయారుచేసి పంపిన గెటిస్‌బర్గ్ లూథరన్ సెమినరీ భవనం 1863 జూలైలో క్షతగాత్రుల ఆసుపత్రిగా మారింది. అదే సెమినరీలో 1835లో డేనియల్ పేన్ అనే నల్లజాతి యువకుడు చేరి చదువుకున్నాడు. లూథరన్ పాదిరీగా అభిషేకం పొంది, తర్వాత అలెన్ సమాజంలోకి వెళ్ళి బిషప్పు అయ్యాడు. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో బానిసల విడుదల బిల్లు మీద సంతకం పెట్టమని లింకన్‌నే కలిసి అడిగాడు. గుంటూరు లూథరన్ల వంశవృక్షంలో హయ్యర్ ఎంత ఉన్నాడో పేన్ కూడా అంత ఉన్నాడని నా నమ్మకం. ఒక బడిలో చదివినవాళ్ళు ఒక ఇంటివాళ్ళే.

యుద్ధానికీ పల్నాడుకూ ఇంకో లంకె కూడా ఉంది, పత్తి. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేసేసరికి లాంకషైర్ మిల్లులకు బానిసలు తీసిన పత్తి అందలేదు. భారతదేశపు పత్తికి ధర ఎగబాకింది. గుంటూరు, కృష్ణా జిల్లాల కోకనాడ పత్తి కూడా ఆ గిరాకీలోదే. 1865లో యుద్ధం ముగియగానే ధర కుప్పకూలింది. డిసెంబరులో మా అమ్మ ఇంకా పత్తితీతకు వెళుతుంది, కేజీల లెక్కన కూలి. నా చిన్నప్పటి క్రిస్మస్ గౌనులన్నీ ఆ డబ్బులతో కొన్నవే. పత్తికాయ పెచ్చు మొనలు గోళ్ళ సందుల్లో గుచ్చుకొని రక్తం వస్తే అమ్మ రాత్రి కొబ్బరినూనె రాసుకునేది. జార్జియాలో పత్తి తీసిన తన ముత్తవ్వ చేతుల గురించి నా తోటి నర్సు చెబుతుంటే, వినడానికి నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. మన పాలేరుతనమూ వాళ్ళ బానిసత్వమూ ఒకటి కావు, ఆ తేడా నేను మరిచిపోను. బిడ్డను తల్లి చేతిలోంచి లాగి సంతలో అమ్మడం వేరు. కానీ పొలం ఒకరిది, నడుము ఒకరిది అన్న బాధ ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. డిసెంబరు 31 రాత్రి.

మనకు వాచ్‌నైట్ ఆరాధన లేని సంఘం దాదాపు లేదు. మా గురజాల పల్లెలో రాత్రి పదింటికి గంట కొడతారు. చలికి ముసలివాళ్ళు దుప్పట్లు కప్పుకొని వస్తారు. కీర్తనలు, తర్వాత సాక్ష్యాలు. ఈ ఏడు మిరపకు తామరపురుగు తగిలింది కానీ ప్రభువు కాపాడాడు, కూతురికి సంబంధం కుదిరింది, కొడుకు తాగుడు మానాడు. పన్నెండుకు అయిదు నిమిషాలుండగా అందరం మోకాళ్ళూనుతాం. గంట మోగగానే ఒకరికొకరు వందనాలు చెప్పుకొని, పళ్ళెంలో బోర్లించిన వాగ్దాన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకుంటాం. ఎవరికి ఏ వచనం వచ్చిందో తెల్లారేదాకా మాట్లాడుకుంటాం. ఈ ఆరాధన మొరావియన్లు 1733లో జర్మనీలో మొదలుపెడితే, వాళ్ళ దగ్గర మెథడిస్టుల గురువు వెస్లీ నేర్చుకున్నాడు, మెథడిస్టుల నుంచి అమెరికా అంతటా పాకింది.

అమెరికాలో నల్లజాతి క్రైస్తవులకు మాత్రం ఈ రాత్రి ఇంకొకటి. బానిసత్వం ఉన్నన్నాళ్ళూ జనవరి 1 వాళ్ళకు గుండెలు పగిలే రోజు. యజమానులు పాత ఏడాది లెక్కలు తేల్చుకొని, అప్పులు తీర్చడానికి బానిసల్ని అమ్మేసేవారు, లేదా ఏడాదికి ఇంకొకరికి బాడుగకిచ్చేవారు. తెల్లవారితే భర్త ఒక ఊరికి, పిల్ల ఇంకో ఊరికి. బానిసగా పుట్టి తప్పించుకున్న హారియట్ జేకబ్స్ 1861లో అచ్చయిన తన జీవితకథలో ఈ రోజుకు ఒక అధ్యాయమే కేటాయించింది. అంటే డిసెంబరు 31 రాత్రి చాలా కుటుంబాలకు కలిసి ఉండే ఆఖరి రాత్రి.

1862లో ఆ రాత్రి మారింది. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలందరూ 1863 జనవరి 1 నుంచి స్వతంత్రులని లింకన్ సెప్టెంబరు 22న ముందుగా ప్రకటించి ఉన్నాడు. మాట నిలబెట్టుకుంటాడో లేదో ఎవరికీ తెలియదు. ఉత్తరాదిలో చర్చిల్లో, దక్షిణాదిలో గుడిసెల్లో చాటుగా, నల్లవాళ్ళు కూడుకొని పన్నెండు కోసం ప్రార్థన చేస్తూ కాచుకున్నారు. ఆ రాత్రిని కార్ల్‌టన్ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. చుట్టూ జనం, మధ్యలో జేబు గడియారం పట్టుకున్న ముసలాయన. మర్నాడు బోస్టన్‌లో ట్రెమాంట్ టెంపుల్ అనే బాప్టిస్టు చర్చిలో నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ తదితరులు తంతి కోసం చీకటిపడినా కదలకుండా కూర్చున్నారు. లింకన్ సంతకం చేసిన కబురు బాగా పొద్దుపోయాక వచ్చింది. ఆ ప్రకటనతో అందరికీ విడుదల రాలేదు. యుద్ధంలో ఉత్తరాది వైపు నిలిచిన బానిస రాష్ట్రాలకు అది వర్తించలేదు. టెక్సాస్‌కు కబురు చేరేసరికి 1865 జూన్ 19 అయింది. పదమూడో సవరణ అదే ఏడాది డిసెంబరులో గానీ రాలేదు. కానీ ఆ రాత్రి ఆగలేదు. అప్పటి నుంచి ప్రతి డిసెంబరు 31న నల్లజాతి సంఘాలు కూడుకుంటూనే ఉన్నాయి.

ఆ ఆరాధనకు నేను వెళ్ళాను. పన్నెండు దగ్గరపడుతుండగా దీపాలు తగ్గించారు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, యెషయా గ్రంథంలో కావలివాణ్ణి అడిగినట్టు, రాత్రి ఎంత మిగిలిందని గట్టిగా అడిగాడు. ముందు నుంచి ఒకాయన ఇంకా ఎన్ని నిమిషాలుందో చెప్పాడు. కాసేపటికి మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు. అయిదు నిమిషాలున్నాయనగా అందరూ మోకాళ్ళూనారు. నా పక్కన పట్టుచొక్కా తాతగారు, అటుపక్క ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ. మా గురజాల చర్చిలో ఎలా వంగుతామో అలాగే వంగారు. మర్నాడు నా తోటి నర్సు ఇంట్లో అలసందలు, అన్నం, ఆకుకూర పెట్టింది. జనవరి 1న వాళ్ళకు అలసందలు తప్పనిసరి. ఆ గింజ పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసల ఓడల్లో వచ్చింది. మా నాయనమ్మ అలసంద వడలు తిన్న నోటికి అది పరాయి తిండిలా అనిపించలేదు.

ఆనాడు, 1862 డిసెంబరు 31 నాటికి, గుంటూరు మిషనులో ఎరియాస్ ఉనాంగ్స్ట్ దొర ఉన్నాడు. గెటిస్‌బర్గ్‌లో చదివినవాడు, 1858లో వచ్చాడు, తర్వాత దశాబ్దాలపాటు అక్కడే పనిచేశాడు. యుద్ధం వల్ల అమెరికా నుంచి డబ్బు సరిగా అందక మిషను అల్లాడిన రోజులవి. తన దేశంలో ఎందుకు యుద్ధం జరుగుతోందో ఆయన గుంటూరు విశ్వాసులకు చెప్పి ఉంటే ఎంత బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. వెట్టి చేసే పల్లెవాళ్ళకు, గుడి దగ్గర, బావి దగ్గర దూరంగా నిలబడ్డవాళ్ళకు ఆ వార్త సువార్తలో భాగమే అయ్యేది. నూట అరవై ఏళ్ళు ఆలస్యమైనా ఇప్పుడు మనమే చెప్పుకోవచ్చు.

అందుకే ఈసారి డిసెంబరు 24 రాత్రి, 25 పగలు డ్యూటీ నేనే అడిగి తీసుకున్నాను, 31 సెలవు దొరకాలని. ఇక్కడి తెలుగు సంఘం యవ్వనస్తుల కూటమిలో అలెన్ గురించి, పేన్ గురించి, ఆ రాత్రి గురించి మాట్లాడటానికి కొంచెం సమయం ఇచ్చారు. ఆ తర్వాత వస్తామన్న పిల్లల్ని నా తోటి నర్సు సంఘానికి వెంట తీసుకెళతాను. ఒకరిద్దరి తల్లిదండ్రులు ఆ వీధుల్లోకి వద్దన్నారు, వాళ్ళతో ఇంకా మాట్లాడుతున్నాను. లింకన్ ప్రకటన సారాంశాన్ని తెలుగులో ఒక పేజీలో రాసి గురజాల పంపాను. సాక్ష్యాలయ్యాక, వాగ్దాన కార్డుల పళ్ళెం తెచ్చేముందు, దాన్ని చదివించమని అయ్యగారిని అడిగాను. ఆయన రెండుసార్లు చదువుకొని, సంఘపెద్దలతో మాట్లాడి ఒప్పుకున్నారు. మా తమ్ముడు చదువుతాడట, పదకొండున్నరకు.